ప్రభుత్వ ఖర్చు తగ్గితే తిరుపతి, చిత్తూరు జిల్లాల మీద పడే ప్రభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

బడ్జెట్ వచ్చినప్పుడు, బిల్లులు ఆగినప్పుడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడు ఇవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. "అనుకుందాం" అన్నచోట ఉన్న అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే.

## కోత ఎక్కడ పడిందో కనిపెట్టడం

ఖర్చు తగ్గించారంటున్నారు. దానికి జీవో ఏదైనా వస్తుందా?

చాలాసార్లు రాదు. జీతాలు, పెన్షన్లు, అప్పుల మీద వడ్డీ అనే మూడింటినీ ఆపితే గొడవవుతుంది కాబట్టి వాటి జోలికి ఎవరూ పోరు. ఇక చేతికి దొరికేవి రోడ్లు, కాలువలు, మరమ్మతులు, సబ్సిడీ వాటాలు, కాలేజీలకూ ఆసుపత్రులకూ కట్టాల్సిన బాకీలు. కోత వచ్చే దారులు ముఖ్యంగా నాలుగు. బడ్జెట్‌లో కేటాయింపు చూపించి విడుదల ఉత్తర్వు ఇవ్వరు. విడుదల ఇచ్చినా సీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) ఎక్కిన బిల్లు కదలదు. రిటైరైనవాళ్ల స్థానాలు నింపరు. కేంద్ర పథకంలో రాష్ట్ర వాటా కట్టరు.

అన్నిటికంటే ఖరీదైనది ఈ చివరిది. 60:40 పథకంలో రాష్ట్రం తన 40 రూపాయలు ఆపితే కేంద్రం నుంచి రావాల్సిన 60 రూపాయలు కూడా నిలిచిపోతాయి. ఖజానాకు మిగిలింది 40, జిల్లాకు పోయింది 100. అసెంబ్లీలో కోత గురించి ఒక్క మాట వినబడకపోయినా కుప్పంలోనో సత్యవేడులోనో పని ఆగిపోవడానికి కారణం ఎక్కువగా ఇలాంటిదే.

తిరుపతికి టీటీడీ ఉంది గదా, రాష్ట్ర బడ్జెట్‌తో మనకేం పని?

సగం నిజం. టీటీడీ 1987 నాటి దేవాదాయ చట్టం కింద నడిచే సంస్థ. హుండీ కానుకలు, దర్శనం టికెట్లు, ప్రసాదాల అమ్మకం, తలనీలాల వేలం, డిపాజిట్ల మీద వడ్డీ దాని రాబడి. వార్షిక బడ్జెట్ 5 వేల కోట్ల రూపాయలు దాటింది. ఇది రాష్ట్ర ఖజానా నుంచి వచ్చే డబ్బు కాదు కాబట్టి అమరావతిలో ఆర్థిక శాఖ చేయి బిగించినంత మాత్రాన అలిపిరి దారిలో టీ కొట్టుకు బేరం తగ్గదు. లాడ్జీలు, టాక్సీలు, భోజన హోటళ్లు బతికేది యాత్రికుల రాకపోకల మీద. వాటికి అసలు దెబ్బ ఎలా ఉంటుందో 2020 మార్చి నుంచి జూన్ దాకా దర్శనాలు ఆగినప్పుడు ఊరంతా చూసింది.

మిగతా సగం వేరు. స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు టీటీడీ అండతో నడుస్తాయి, రుయా ఆసుపత్రి నడిచేది రాష్ట్రం డబ్బుతో. ఎస్వీ విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయాల్లో జీతాలకూ పెన్షన్లకూ రాష్ట్ర గ్రాంటు కావాలి. కొండకు వచ్చే జనం మీద బతికే వీధి ఒకటి, ప్రభుత్వ జీతాల మీద బతికే వీధి ఇంకొకటి. రెండూ తిరుపతిలోనే ఉన్నాయి.

ఒకే కోత తిరుపతికీ చిత్తూరుకూ కుప్పానికీ ఒకేలా తగులుతుందా?

తగలదు. తిరుపతి చుట్టుపక్కల కేంద్రం డబ్బు చాలా ఉంది: 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, గాదంకి వాతావరణ పరిశోధన ప్రయోగశాల, 2022 నుంచి ఈ జిల్లాలోకి వచ్చిన శ్రీహరికోట. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల సరుకు కొనేది బయటి మార్కెట్లు. వీటిలో ఏదీ రాష్ట్ర బడ్జెట్‌ను నమ్ముకొని లేదు.

చిత్తూరు పట్టణానికి అంత ఆసరా లేదు. కలెక్టరేట్, కోర్టులు, జిల్లా ఆఫీసులు, వాటికి వచ్చిపోయే జనమే అక్కడి బజారుకు ఆధారం. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయినప్పుడు ఆఫీసు పనుల్లో పెద్ద భాగం తిరుపతికి వెళ్లింది. దాన్ని ఎవరూ ఖర్చు కోత అనలేదు. కానీ జిరాక్స్ షాపుకు, స్టాంప్ వెండర్‌కు, మధ్యాహ్నం మెస్సుకు అది కోతే.

పలమనేరు, కుప్పం వైపు పాలు, కూరగాయలు, పట్టు, బెంగళూరు కూలి ప్రధానం. అక్కడ జీతాల కోత అంతగా తెలియదు. హంద్రీ-నీవా కుప్పం కాలువ పనులు, డ్రిప్ సబ్సిడీ ఆగితే తెలుస్తుంది.

కేంద్రం తగ్గించినా రాష్ట్రం తగ్గించినా ఒకటే కదా?

డబ్బు నడిచే దారి వేరు. తిరుపతి-పాకాల-కాట్పాడి రైల్వే డబ్లింగ్‌నే తీసుకోండి: 104 కిలోమీటర్లు, 1,332 కోట్లు, 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం. ఇలాంటి పనిలో ప్రధాన కాంట్రాక్టు ఎక్కువగా బయటి పెద్ద సంస్థకు పోతుంది. ఇక్కడివాళ్లకు దక్కేది మట్టి పని, కంకర, టిప్పర్ బాడుగ, క్యాంపు సరుకులు. అది నెమ్మదిస్తే దెబ్బ సన్నగా, పొడవునా ఉంటుంది. రాష్ట్ర పని ఆగితే నేరుగా మన ఊరి చిన్న కాంట్రాక్టర్ (క్లాస్ త్రీ, క్లాస్ ఫోర్) ఆగిపోతాడు.

పథకం గడువు ముగియడం కూడా కోతే. తిరుపతి 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది, మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. కట్టినవన్నీ అలాగే ఉన్నాయి. వాటి కరెంటు బిల్లు, మరమ్మతు, కాపలా మాత్రం ఇక కార్పొరేషన్ సొంత రాబడిలోంచి, అంటే ఇంటిపన్నులోంచి రావాలి.

బడ్జెట్ పుస్తకంలో మా జిల్లాకు ఎంత తగ్గిందో చూడటం ఎట్లా?

జిల్లా పేరుతో వెతికితే దొరకదు. పద్దు నంబర్లతో వెతకాలి. రోడ్లు, వంతెనల కొత్త నిర్మాణం 5054, వాటి నిర్వహణ 3054, భారీ నీటిపారుదల నిర్మాణం 4700, చిన్న నీటిపారుదల 4702, సాధారణ విద్య 2202, వైద్యం 2210. ప్రతి పద్దు కింద నాలుగు అంకెలుంటాయి: ఈ ఏడాది అంచనా, పోయిన ఏడాది అంచనా, పోయిన ఏడాది సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి అసలు ఖర్చు.

అందరూ చేసే పొరపాటు ఈ ఏడాది అంచనాను పోయిన ఏడాది అంచనాతో పోల్చడం. అలా చూస్తే ప్రతి సంవత్సరం పెరిగినట్టే ఉంటుంది. పోయిన ఏడాది అంచనాకూ అదే ఏడాది సవరించిన అంచనాకూ మధ్య తేడా చూడండి, కోత అక్కడ దాక్కొని ఉంటుంది. ఏడాది మధ్యలో తెలుసుకోవాలంటే ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైట్‌లో రాష్ట్ర ఖాతాల నెలవారీ ముఖ్య సూచికలు ఉంటాయి. అందులో మూలధన వ్యయం (రోడ్లు, కాలువల్లాంటి కట్టడాల ఖర్చు) వరుస చూడండి. సెప్టెంబరు ఆఖరుకు అది ఏడాది అంచనాలో మూడో వంతు కూడా దాటకపోతే, మిగిలినదంతా మార్చిలోపు ఖర్చవుతుందని నమ్మి టిప్పర్ కొనకండి.

## డబ్బు ఆగినప్పుడు జరిగే లెక్క

ప్రభుత్వం 100 రూపాయలు ఆపితే జిల్లాకు పోయేది 100 రూపాయలేనా?

అంతకంటే ఎక్కువ. ఎంత ఎక్కువన్నది డబ్బు ఊళ్లో ఎన్ని చేతులు మారుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక ఉద్యోగికి 100 రూపాయలు వచ్చిందనుకుందాం. పన్ను, పీఎఫ్, పొదుపు కింద 20 పోతే ఖర్చు పెట్టేది 80. అందులో సగం బయటికి పోతుంది: ఆన్‌లైన్ ఆర్డరు, బెంగళూరులో చదివే కొడుకు ఫీజు, వేలూరు ఆసుపత్రి, బైకు కంపెనీ వాటా. మిగిలిన 40 ఇక్కడి పాలవాడికి, ఇంటి యజమానికి, టైలర్‌కు రాబడి అవుతుంది. వాళ్లూ అదే పద్ధతిలో ఖర్చు పెడితే 16, తర్వాత 6.4, ఇలా తగ్గుతూ పోతుంది. అన్నీ కూడితే సుమారు 167. అంటే 100 ఆపితే జిల్లా రాబడి 167 తగ్గుతుంది.

ప్రతి చుట్టులో ఊళ్లో మిగిలేది 40 కాకుండా 25 అయితే మొత్తం 133కు పడిపోతుంది. చెన్నై, బెంగళూరు, వేలూరు ఇంత దగ్గరగా ఉన్న మన జిల్లాల్లో డబ్బు త్వరగా బయటికి జారుతుంది. దేశం మొత్తానికి ఢిల్లీలోని జాతీయ ప్రజా ఆర్థిక, విధాన సంస్థ పరిశోధకులు మూలధన వ్యయానికి 2.45 రెట్లు, బదిలీ చెల్లింపులకు (పెన్షన్లలాంటివి) 0.98 అని లెక్క కట్టారు. ఆ 2.45ను తెచ్చి చిత్తూరుకు వేసి మాట్లాడేవాళ్లున్నారు, అది తప్పు. దేశం లెక్కలో చెన్నైకి పోయిన రూపాయి దేశంలోనే ఉన్నట్టు, జిల్లా లెక్కలో అది పోయినట్టే.

పెన్షన్ ఆగితే ఎక్కువ నష్టమా, రోడ్డు ఆగితే ఎక్కువ నష్టమా?

పెన్షన్ దెబ్బ వారంలో తెలుస్తుంది, రోడ్డు దెబ్బ ఏళ్లకు తెలుస్తుంది. వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000. ఒక ఊళ్లో 300 మందికి వస్తోందనుకుందాం, అది నెలకు 12 లక్షలు. ఆ డబ్బులో ఎక్కువ భాగం మొదటి వారంలోనే కిరాణా, మందుల షాపు, చీటీ బాకీల్లోకి పోతుంది. పెన్షన్ పది రోజులు ఆలస్యమైతే కిరాణా కొట్టు హోల్‌సేలర్‌కు చెక్కు వాయిదా వేస్తుంది.

రోడ్డు పనిలో మొదటి చుట్టు డబ్బు అంతగా ఊళ్లో నిలవదు. సిమెంటు కడప, తాడిపత్రి వైపు నుంచి, తారు చెన్నై మణలి రిఫైనరీ నుంచి, ఇనుము ఇంకెక్కడినుంచో వస్తాయి. ఊళ్లో మిగిలేది కంకర, గ్రావెల్, బాడుగ, కూలి. ఈ లెక్క చూసి రోడ్డు ఆపినా ఫర్వాలేదనుకోకూడదు. రోడ్డు లాభం కట్టేటప్పుడు రాదు, కట్టాక వస్తుంది. గుంతల రోడ్డు మీద మామిడి లోడు కదిలితే కాయ దెబ్బతింటుంది, పాల వ్యాను ట్రిప్పు తగ్గుతుంది, బాడుగ పెరుగుతుంది. ఒక ఏడాది నిర్వహణ మానేస్తే పైపొర పోతుంది. మూడు వానాకాలాలు మానేస్తే కింది పొర కూడా పోయి, ప్యాచ్ వేయాల్సిన చోట మళ్లీ రోడ్డు వేయాలి. పొదుపు పేరుతో చేసే కోతల్లో ఇంత దండగైనది ఇంకోటి లేదని మా అభిప్రాయం.

బిల్లు ఆలస్యమైంది అంతే. ఎప్పటికైనా వస్తుంది గదా, దాన్ని కోత అనడమేంది?

వడ్డీ లెక్క వేసి చూడండి. కోటి రూపాయల పెట్టుబడి పెట్టిన పని, దాని మీద లాభం పది లక్షలు అనుకుందాం. పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు రెండు లక్షలు. ఐదు నెలలు బిల్లు ఆగితే లాభం అయిపోయింది, ఆరో నెల నుంచి సొంత డబ్బు పోతుంది.

దీని మీద జీఎస్టీ. ప్రభుత్వ వర్క్స్ కాంట్రాక్టులకు 2022 జులై 18 నుంచి 18 శాతం. డబ్బు చేతికి రాకపోయినా ఇన్‌వాయిస్ ఇచ్చిన నెలకే పన్ను బాధ్యత పుడుతుంది, ఆలస్యంగా కడితే ఏడాదికి 18 శాతం వడ్డీ.

ఆ తర్వాత గొలుసు మొదలవుతుంది. కాంట్రాక్టర్ కూలీలకు ముందు ఇస్తాడు, లేకపోతే వాళ్లు మర్నాడు రారు. తర్వాత డీజిల్ బంకుకు. క్రషర్‌కూ హార్డ్‌వేర్ షాపుకూ ఆఖర్లో. టిప్పర్ యజమాని ఫైనాన్స్ కంతు తప్పుతుంది, డ్రైవర్ జీతం సగమవుతుంది. బిల్లు చివరికి వచ్చినా వీళ్లెవరికీ వడ్డీ కట్టి ఇవ్వరు. పైగా తర్వాతి టెండర్‌కు పోటీ తగ్గుతుంది, వచ్చిన ఒకరిద్దరూ ఆలస్యాన్ని కలుపుకొని రేటు వేస్తారు. ప్రభుత్వం ఈ ఏడాది మిగిల్చిందనుకున్నది వచ్చే ఏడాది ఎక్సెస్ రేటు (అంచనాను మించిన టెండర్ ధర) రూపంలో కడుతుంది.

## ఏ రంగం మీద ఎలా పడుతుంది

మామిడి రైతుకు బడ్జెట్ కోతతో ఏం సంబంధం?

తోతాపురికి చాలా సంబంధం ఉంది. ఈ కాయకు పెద్ద గిరాకీ గుజ్జు ఫ్యాక్టరీలదే. ఫ్యాక్టరీల దగ్గర పాత గుజ్జు నిల్వ ఉండిపోయిన సంవత్సరం ధర పడిపోతుంది. 2025 సీజన్‌లో అదే జరిగింది. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అని రాష్ట్రం ప్రకటించింది. ఎకరాకు ఐదు టన్నులు పండిందనుకుంటే ప్రభుత్వ వాటా ఒక్కటే 20 వేలు. కాయలు కోసే కూలి, ట్రాక్టర్ బాడుగ దాన్లోంచే వెళ్లాలి.

ఖజానా ఇబ్బందిలో ఉన్న ఏడాది ఇలాంటి ధర ఆసరా ఉండకపోవచ్చు, ఉన్నా సీజన్ అయిపోయాక రావచ్చు. రైతు అప్పటికే వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకొని ఉంటాడు. ఇంకో చిక్కు: ఫ్యాక్టరీ వాటా మీద గట్టి పట్టు లేకపోతే, "మీకు సర్కారు నాలుగు ఇస్తోంది గదా" అని కొనేవాళ్లు తమ ధర దించుతారు. సబ్సిడీ రైతు పేరు మీద పడి ఫ్యాక్టరీకి మిగులుతుంది.

సబ్సిడీ ఆగిపోవడానికి రైతు వైపు నుంచి కనిపించే కారణాలు: ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదు) తోట ఎక్కకపోవడం, కౌలు తోటకు యజమాని పేరే ఉండటం, కాటా చీటీ వ్యాపారి పేరు మీద తీయడం, ఆధార్‌కు లింకైన ఖాతా వేరే కావడం. కాటా చీటీ మీ పేరునే తీయించండి. ర్యాంపులో (వ్యాపారులు కాయ కొనే చోటు) అమ్మినా సరే.

డ్రిప్‌కు దరఖాస్తు పెట్టి ఎన్నాళ్లయినా కంపెనీవాళ్లు రారెందుకు?

కేంద్ర మార్గదర్శకాల్లో చిన్న, సన్నకారు రైతుకు సబ్సిడీ 55 శాతం. మన దగ్గర 90 శాతం వస్తోందంటే ఆ పైది రాష్ట్రం కలుపుతోంది. పరికరాలు బిగించేది కంపెనీ, దానికి సబ్సిడీ కట్టేది ప్రభుత్వం. పాత బాకీ పేరుకుంటే కంపెనీ కొత్త పొలం సర్వే చేయదు. మీ వాటా కట్టే ముందు డీలర్‌ను కాకుండా మైక్రో ఇరిగేషన్ ఆఫీసును అడగండి: మా మండలానికి ఈ ఏడాది టార్గెట్ ఎంత, ఏ కంపెనీకి వర్క్ ఆర్డర్ ఇచ్చారు అని.

బోర్లకు ఉచిత కరెంటు డబ్బు ప్రభుత్వం సరిగా కట్టకపోతే?

పగటిపూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు ఖర్చును ప్రభుత్వం డిస్కమ్‌కు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు కట్టాలి. మన డిస్కమ్ ఎస్పీడీసీఎల్, ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. సబ్సిడీ ఆలస్యమైతే డిస్కమ్ అప్పు చేసి కరెంటు కొంటుంది, మరమ్మతులు వాయిదా వేస్తుంది. రైతుకు ఇది బిల్లు రూపంలో కాక, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడంలో ఆలస్యం రూపంలో కనిపిస్తుంది. బోర్ల మీద బతికే చిత్తూరు మెట్ట భూముల్లో టమాట, మల్బరీ పంటకు ఎండాకాలం పది రోజుల ఆలస్యమే చాలు.

ఉపాధి హామీ కూలి కేంద్రం ఇచ్చేదే గదా, రాష్ట్రం కోతతో దానికేం?

2005 చట్టం కింద కూలి మొత్తం కేంద్రం భరించేది. మెటీరియల్ ఖర్చులో మాత్రం రాష్ట్రానిది నాలుగో వంతు. 2025-26లో ఆంధ్రప్రదేశ్ రోజు కూలి 307 రూపాయలు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 100 నుంచి 125కు పెంచింది, ఖర్చును మాత్రం 60:40గా పంచింది. అంటే ఆ చట్టం కింద రాష్ట్రం చేయి బిగిస్తే ప్రభావం కూలి దాకా వస్తుంది.

పని తగ్గితే ఊళ్లో జరిగేది ఇది. మహిళా కూలీలకు కూలి బేరమాడే ఆసరా పోయి వేరుశనగ, టమాట కోతల రేటు తగ్గుతుంది. మగవాళ్లు కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు, సత్యవేడు వైపు నుంచి చెన్నై పనులకు పోతారు. ఊళ్లో ఖర్చయ్యే డబ్బు ఆ నగరాల్లో గది అద్దెకు పోతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే నష్టం కాలేజీకే గదా?

మొదట కాలేజీకి. రెండో నెల నుంచి అధ్యాపకులకు, సగం జీతాల రూపంలో. తర్వాత బస్సు కాంట్రాక్టర్‌కు, హాస్టల్ కూరగాయల సప్లయర్‌కు. చివరికి "మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం" అని విద్యార్థి తండ్రి దగ్గరికి వస్తారు. ఆయన బంగారం కుదువపెడతాడు. తిరుపతి, పుత్తూరు, చిత్తూరు చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల పక్కన బతికే అద్దె గదులూ టిఫిన్ సెంటర్లూ ఈ గొలుసులోనివే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడిగి, అడిగిన కాగితం నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఫీజు కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు మీద "రీయింబర్స్‌మెంట్ వచ్చాక వాపసు" అని రాయించాలి. నోటిమాట మీద కట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం.

ఎన్టీఆర్ వైద్యసేవ బకాయిలు పెరిగితే రోగి ఏం చేయాలి?

బకాయిలు పేరుకుంటే ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతాయి, 2025లో రాష్ట్రంలో అలా జరిగింది. అప్పుడు భారమంతా రుయా, స్విమ్స్ మీద పడుతుంది. చిత్తూరువాళ్లు 40 కిలోమీటర్ల లోపే ఉన్న వేలూరు సీఎంసీకి సొంత డబ్బుతో పోతారు. వెళ్లే ముందు 104కు ఫోన్ చేసి ఆ జబ్బుకు ఏ ఆసుపత్రిలో కేసు తీసుకుంటున్నారో కనుక్కోండి. ప్రభుత్వ ఆసుపత్రులు ఇలాంటి సమ్మెల్లో ఉండవు.

## నష్టం తగ్గించుకోవడం

చిన్న కాంట్రాక్టర్‌ని. బిల్లు ఆగింది. ఏం దగ్గర పెట్టుకోవాలి, ఎక్కడికి పోవాలి?

మొదట కాగితాలు. అగ్రిమెంటు, సైటు అప్పగించిన లేఖ, ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకం) కొలతలు ఎక్కిన పేజీల నకళ్లు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, గడువు పొడిగింపు ఉత్తర్వులు, సీఎఫ్‌ఎంఎస్ బిల్లు నంబరు. ఎక్కువమంది దెబ్బతినేది గడువు పొడిగింపు దగ్గర. నిధులు లేక పని ఆగితే ఆ కారణం రాసి పొడిగింపు అడగాలి. అడగకపోతే రేపు ఆలస్యం మీ మీదే వేసి జరిమానా కోస్తారు.

తర్వాత బిల్లు ఎక్కడ ఆగిందో తేల్చుకోండి. ఇంజనీరు దగ్గరా, బిల్లులు పాస్ చేసే పే అండ్ అకౌంట్స్ ఆఫీసులోనా, ఆర్థిక శాఖ దగ్గరా? మొదటి రెండూ అయితే ఆఫీసు చుట్టూ తిరిగినందుకు ఫలితముంటుంది. మూడోదైతే ఇక్కడ ఎవరిని బతిమాలినా పని కాదు. సమాచార హక్కు కింద రాసి ఇస్తే 30 రోజుల్లో లిఖితపూర్వక జవాబు రావాలి. బకాయి ఉందని ఒప్పుకున్న ఆ జవాబే తర్వాత కోర్టులో సాక్ష్యం.

సివిల్ దావాకు కాలపరిమితి మామూలుగా మూడేళ్లు, ప్రభుత్వం మీద వేసేముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. వివాదం లేని బిల్లయితే చాలామంది హైకోర్టులో రిట్ వేస్తారు. ఉపాధి హామీ పనుల పాత బకాయిలను 12 శాతం వడ్డీతో కట్టమని 2021 అక్టోబరులో హైకోర్టు ఇలాంటి రిట్ల మీదే చెప్పింది.

ఆసుపత్రికో హాస్టల్‌కో సరుకు వేసే చిన్న సప్లయర్‌కు ఇంకో దారి ఉంది. ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్) ఉంటే 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లో డబ్బు రావాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బకాయిల ఫిర్యాదులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో వేయొచ్చు. సరుకు వేసేనాటికే నమోదు ఉండటం మంచిది, తర్వాత చేయించుకుంటే పాత బిల్లుకు పనికిరాకపోవచ్చు. నిర్మాణ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తిస్తుందా అన్న దాని మీద కోర్టు తీర్పులు రెండు రకాలుగా ఉన్నాయి కాబట్టి, వాళ్లు దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

డబ్బు వచ్చిన రోజు ఒక చిన్న పని మరవకండి. బిల్లులోంచి ముందే కోసుకున్న 2 శాతం జీఎస్టీని (టీడీఎస్) జీఎస్టీ పోర్టల్‌లో మీరు ఆమోదిస్తేనే అక్కడి మీ ఖాతాలోకి (క్యాష్ లెడ్జర్) వస్తుంది. ఆ డబ్బు అక్కడే వదిలేసినవాళ్లు చాలామంది.

కిరాణా షాపు నడుపుతాను. కోత వస్తోందని ముందే ఎట్లా పసిగట్టాలి?

ముందు మీ ఖాతా పుస్తకాన్ని మూడుగా విడగొట్టండి: ప్రభుత్వ జీతం లేదా పెన్షన్ మీద బతికేవాళ్లు, ప్రభుత్వ పనుల మీద బతికేవాళ్లు (కాంట్రాక్టు కూలీలు, టిప్పర్ డ్రైవర్లు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది), మిగిలినవాళ్లు. దెబ్బ ముందు తగిలేది రెండో గుంపుకు. అప్పు మొత్తంలో ఆ గుంపుది మూడో వంతు దాటితే కొత్త ఖాతాలు ఆపడం మంచిది.

బజారులో కనిపించే గుర్తులు: సిమెంటు డీలర్ అప్పు గడువు నెల నుంచి వారానికి తగ్గిస్తాడు. క్రషర్ దగ్గర టిప్పర్లు పగలు నిలబడి ఉంటాయి. ఔట్‌సోర్సింగ్ వాళ్లు నెల పదో తారీఖు దాటాక సరుకుకు వస్తారు. పెద్ద ప్యాకెట్లు కదలక పది రూపాయల ప్యాకెట్లు కదులుతాయి. ఇందులో రెండు కలిసి కనిపిస్తే నూనె, పప్పు తప్ప మిగతా సరుకు నిల్వ తగ్గించుకోండి. తిరుపతిలో యాత్రికుల బేరం ఉన్న షాపుకు ఈ గుర్తులు చెల్లవు.

సర్కారు దగ్గర డబ్బు లేకపోతే టీటీడీ డబ్బుతో ఊరి పనులు చేయించొచ్చు గదా?

కొంతవరకే. 2023 సెప్టెంబరులో తిరుపతిలో ప్రారంభమైన శ్రీనివాస సేతు వంతెన ఖర్చులో టీటీడీ వాటా ఉంది, యాత్రికుల రాకపోకలకు పనికొస్తుందన్నది దానికి కారణం. అదే ఏడాది బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి కేటాయించాలని బోర్డు ప్రతిపాదిస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. భక్తుల కానుకను దేనికి వాడాలో చట్టంలో హద్దులున్నాయి. వార్డులో మురుగు కాలువకు అది దారి కాదు.

పంచాయతీకి డబ్బు రాకపోవడానికి కూడా కోతే కారణమా?

ఒక్కోసారి కాదు. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ఎన్నికైన పాలకవర్గం ఉన్న సంస్థలకే వస్తుంది. ఎన్నికలు వాయిదా పడి ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే గ్రాంటు ఆగుతుంది. కారణం ఏదో ముందు పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి.

అన్ని కోతలూ చెడ్డవేనా?

కావు. వాడని భవనానికి అద్దె, ఒకే పనికి రెండు శాఖల బిల్లులు, పూర్తి చేసే ఉద్దేశం లేకుండా వేసే శంకుస్థాపనలు ఆపితే జిల్లాకు నష్టం లేదు. వడ్డీకి పోయే రూపాయిలో జిల్లాకు తిరిగొచ్చేది చాలా తక్కువ కాబట్టి అప్పు తగ్గించడం కూడా మంచిదే. చిక్కు ఎక్కడంటే, వదిలించుకోవాల్సినవాటికి అడిగేవాళ్లు గట్టిగా ఉంటారు, రోడ్డు నిర్వహణకు అడిగేవాళ్లు ఉండరు. కోత కత్తి ముందు రెండో దాని మీదే పడుతుంది.

బిల్లులు మళ్లీ వదిలారు. బజారు ఎప్పటికి తేరుకుంటుంది?

వచ్చిన డబ్బు మొదట పాత వడ్డీకి, తర్వాత క్రషర్, బంకు బాకీలకు పోతుంది. కొత్త ఖర్చుగా బజారులోకి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. మార్చి ఆఖరి వారంలో బిల్లులు గుంపుగా వదిలితే ఏప్రిల్‌లో బజారు కళకళలాడుతుందనుకుంటారు, కానీ కొత్త ఏడాది విడుదలలు మొదలయ్యేదాకా మళ్లీ సందు ఉంటుంది. ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయిన టిప్పర్ తిరిగి రాదు, బెంగళూరులో గది తీసుకున్న మేస్త్రీ బిల్లు వచ్చిందని వెనక్కి రాడు. అందుకే పనులు మళ్లీ మొదలైన మొదటి ఏడాది మేస్త్రీ కూలి, టిప్పర్ బాడుగ మామూలు కంటే ఎక్కువ పలుకుతాయి. ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లు ఆ రద్దీ మొదలవకముందే పునాది, స్లాబు ముగించుకుంటే ఖర్చు కలిసివస్తుంది.